అమ్మ నాటిన సాళ్ళు

ఫాబ్రిస్,

కుశల ప్రశ్నలు అడిగే ఓపిక లేదురా. మార్సెయ్ నుంచి నువ్వు బస్సెక్కించి పంపిన టూరిస్టులు నిన్న మన లావెండర్ చేనంతా తొక్కేశారు. ఫొటోల కోసం మొక్కల మీదే పడుకున్నారు. అమ్మ కర్ర పట్టుకుని వెళ్ళి, "సాళ్ళ మధ్య నడవండి నాయనా" అని బతిమాలింది.

"ముసలమ్మా, ఫొటోకి అడ్డొస్తున్నావ్, జరుగు!" అన్నాడొకడు. తన చేతులతో నాటిన చేలో ఆవిడకా ఆ మాట! నీ గైడు పక్కనే నిలబడి నవ్వాడు. రాత్రి అమ్మ సూపు కూడా ముట్టలేదు.

పొద్దున్నే కోత మెషీన్ తీసి చేనంతా కోసేశాను. ఇంకో వారం ఆగితే పూలలోంచి నూనె బాగా దిగేదని తెలుసు. అయినా కోశాను. అమ్మ గట్టున కుర్చీ వేసుకుని చివరి సాలు దాకా చూసింది.

"ఇప్పుడు తీసుకోమను ఫొటోలు" అంది.

ఆదివారం నువ్వొక్కడివే రా. ఆవిడ ముందు నిలబడి తప్పయిందని చెప్పు.

మీ అక్క