దుర్యోధనుడి ఎడమకాలు

వేపనకండ్రిగ,
కార్వేటినగరం దగ్గర,
3-4-2002

తిరుపతి కృత్రిమ కాళ్ల కేంద్రంలో కొలతలు తీసే ప్రసన్నకుమారి మేడమ్ గారికి వేపనకండ్రిగ చిన్నబ్బ నమస్కరించి రాయడమేమంటే,

పోయిన సంవత్సరం మామిడికాయల ట్రాక్టరు బోల్తాపడి ఎడమకాలు మోకాలి కింద పోగొట్టుకున్నవాణ్ణి నేనే. మీరు చేసిచ్చిన కాలు చూడ్డానికి బాగుంది. నడిస్తే మాత్రం నేనొక దోవ, అదొక దోవ. తోలు పట్టీలు బిగిస్తే తొడ కోసుకుపోతుంది, వదులు చేస్తే కాలు జారిపోతుంది.

నా తొందర ఎందుకో చెప్తాను. మా ఊళ్లో ఏటా ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. ఆఖరి రోజు దుర్యోధన వధ. మట్టితో నలభై అడుగుల దుర్యోధనుణ్ణి నేలమీద పడుకోబెడతారు. వేషాలు కట్టిన భీముడూ దుర్యోధనుడూ ఆ బొమ్మ మీదికెక్కి దూకుతూ గదలతో కొట్టుకుంటారు. ఇరవై రెండేళ్లుగా ఆ దుర్యోధనుణ్ణి నేను. నాకు ముందు మా నాయన. ఈసారి గుడి పెద్దలు పిలిపించి, "బొమ్మ మీద నీ కాలు ఊడొస్తే జనం నగతారు చిన్నబ్బా, ఈ యేడుకి మునిశేఖర్‌కి ఇడిసిపెట్టు" అన్నారు. మునిశేఖర్ గొంతు మీరు వినలేదు. ఆ గొంతుతో దుర్యోధనుడు రాజ్యం అడిగితే పాండవులు జాలిపడి ఇచ్చేస్తారు.

మే ఏడో తేదీలోపల బొమ్మ ఎక్కి చూపిస్తే వేషం నాదే అన్నారు. అందుకని ఊడని కాలు కావాలి.

ఇట్లు,
చిన్నబ్బ

తా.క. మా ఊరి భీముడు నా బామ్మర్ది పెంచలయ్య. నా కాలు చూసినప్పుడల్లా కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. వీడు నన్నేం చంపుతాడో నాకు తెలియడం లేదు.


తిరుపతి,
8-4-2002

చిన్నబ్బ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాను. మాది కాకినాడ. మీ భారతం సంగతి నాకు తెలియదు. దుర్యోధనుడి వేషం కుర్చీలో కూర్చుని వేయడం కుదరదా?

కుదరకపోతే తోలు పట్టీలు తీసేసి వేరే ఏర్పాటు చేద్దాం. ఒకటి మెత్తటి జెల్ లైనర్. తెగిన కాలి మొండికి మేజోడులా తొడుక్కుని, కాలు పెట్టుకుని, పైన మోకాలి పట్టు లాగాలి. సుఖంగా ఉంటుంది గానీ చెమట ఎక్కువ. రెండోది సిలికాన్ లైనర్. దాని కింద చిన్న మేకు ఉంటుంది. కాలు లోపల పెట్టి నిలబడితే ఆ మేకు తాళంలో దిగి టిక్కుమంటుంది. పక్కనున్న బటన్ నొక్కితే తప్ప రాదు. రెండూ ఇస్తాను. వాడి చూసి ఏది హాయిగా ఉందో చెప్పండి. పన్నెండో తేదీన రండి, తొడుక్కోవడం దగ్గరుండి నేర్పిస్తాను.

భవదీయురాలు,
ప్రసన్నకుమారి

తా.క. నడుస్తున్నప్పుడు పొరపాటున కూడా ఆ బటన్ మీద చెయ్యి వేయవద్దు.


వేపనకండ్రిగ,
17-4-2002

ప్రసన్నకుమారి మేడమ్ గారికి చిన్నబ్బ అనేక నమస్కారాలతో,

కుర్చీ మాట ఈసారికి క్షమించాను.

పన్నెండో తేదీన మీరు నేర్పించినవన్నీ జ్ఞాపకమున్నాయి. మధ్యలో మీ వాచ్‌మన్ దుర్యోధనుడి నడక చూపించమని అడిగితే కాసేపు వరండాలోకి పోయిన మాట నిజమే. అయినా మిగతాదంతా విన్నాను.

జెల్ లైనర్ అమ్మ ఒడిలా ఉంది. అయితే మా ఎండకు పదిగంటలకల్లా లోపల చెమట నిండి కాలు జారుతోంది. మేకు లైనర్ మొదట కొంచెం లాగినట్టుంది గానీ ఆ టిక్కుమనే శబ్దం వింటే ధైర్యం వస్తుంది. ఆదిలక్ష్మి, అంటే నా భార్య, వంటింట్లోంచి ఆ శబ్దం విని కాఫీ పెడుతుంది.

చిక్కల్లా మధ్యాహ్నం. పొద్దున బిగువుగా ఉన్న కాలు అన్నం వేళకు లోపల గడగడలాడుతుంది. వదులైతే సాక్సు వేసుకోమని మీరిచ్చిన కట్టలోంచి ఒకటి తీసి వేశాను. ఏమీ తేడా లేదు.

ఇట్లు,
చిన్నబ్బ

తా.క. సాక్సు వేసినప్పటి నుంచి చెప్పులు పట్టడం లేదు.


తిరుపతి,
20-4-2002

చిన్నబ్బ గారికి,

మధ్యాహ్నానికి మొండి కొంచెం తగ్గడం మామూలే. ఒక సాక్సు చాలకపోతే రెండోది వేయండి. అదీ చాలకపోతే మూడోది.

మీ తాజా కలం చూసి కంగారుపడ్డాను. చెప్పులు పట్టడం లేదంటే మీ మంచికాలు వాచిందన్నమాట. అశ్రద్ధ చేయకూడదు. వెంటనే రక్తపోటు, షుగరు చూపించుకోండి. అప్పటిదాకా ఉప్పు పూర్తిగా మానేయండి.

భవదీయురాలు,
ప్రసన్నకుమారి

తా.క. ఊరగాయ కూడా ఉప్పు కిందికే వస్తుంది.


వేపనకండ్రిగ,
24-4-2002

మేడమ్ గారికి చిన్నబ్బ రాయడమేమంటే,

మీ ఉత్తరం ఆదిలక్ష్మి చేతిలో పడింది. రెండు రోజులుగా ఉప్పు లేని సంగటి, ఉప్పు లేని పప్పు. ఊరగాయ జాడీని అటక మీద పెట్టి నిచ్చెన పక్కింటికి ఇచ్చేసింది. కార్వేటినగరం డాక్టరు చూసి నాకే జబ్బూ లేదన్నాడు. ఆ మాట చెప్తే ఆదిలక్ష్మి, "తిరుపతి మేడమ్మ కంటే ఆయనకి ఎక్కువ తెలుసునా" అంది.

మీరు చెప్పినట్టే సాక్సులు పెంచుతూ పోయాను. ఇప్పటికి అయిదు. కాలు ఎప్పటిలాగే వదులు. పైగా అడుగు బరువెక్కి ఈడ్చుకుంటూ నడుస్తున్నాను. పెంచలయ్య పుత్తూరు పోయి పదో నంబరు చెప్పులు తెచ్చాడు, అవీ పట్టలేదు. నిన్న బొమ్మ కోసం తోలిన మట్టికుప్ప ఎక్కబోయి కింద కూర్చుండిపోయాను. మునిశేఖర్ వచ్చి చెయ్యి అందించి లేపాడు. పడినదాని కంటే అది ఎక్కువ నొప్పి.

మేడమ్, నాకు భయంగా ఉంది. కాలు పోయిన రోజు కూడా ఇంత భయపడలేదు. ఈ వేషం కూడా పోతే ఊళ్లో నేను ఉత్త కుంటి చిన్నబ్బనే.

ఇట్లు,
చిన్నబ్బ

తా.క. ఉప్పు ఎన్నాళ్లు? ఈ ఒక్కదానికి విడిగా కార్డు ముక్క రాసినా చాలు.


తిరుపతి,
27-4-2002

చిన్నబ్బ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అయిదు సాక్సులు వేసినా వదులుగా ఉందంటే మొండి బాగా చిక్కిపోయి ఉండాలి. మరోపక్క మంచికాలు పదో నంబరుకు కూడా పట్టనంతగా వాచింది. ఒకే మనిషికి ఒకవైపు చిక్కడం, ఒకవైపు వాయడం ఎలా జరుగుతుందో నాకు అర్థం కాలేదు. మా పెద్ద డాక్టరుగారిని అడిగితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, తన ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటిది చూడలేదన్నారు. మీ ఫొటో ఒకటి కావాలట.

చిక్కినవైపు కోసం పాలూ గుడ్లూ తినండి. వాచినవైపు కోసం ఉప్పు మానండి. ఇంకో ఆరు సాక్సులు పంపుతున్నాను. ధైర్యంగా ఉండండి. మీ వేషం పోనివ్వను.

భవదీయురాలు,
ప్రసన్నకుమారి

తా.క. ఉప్పు లేకుండా ఉడకబెట్టిన గుడ్డు మీద మిరియాల పొడి వేసుకోవచ్చు.


వేపనకండ్రిగ,
1-5-2002

మేడమ్ గారికి,

ఎనిమిది సాక్సులు. ఇక నావల్ల కాదు. ఫొటో తీయించుకుందామని స్టూడియోకి పోతే ఫొటోగ్రాఫరు నా కాలు చూసి, పైభాగం వరకే తీస్తానన్నాడు.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా రాస్తున్నాను. మీ కేంద్రానికి సాక్సులు అమ్మినవాడెవడో మోసం చేశాడు. ఒక్కటి కూడా మంచిది లేదు, అన్నిటికీ కొసన చిల్లి. తొడిగితే రబ్బరు బొటనవేలు బయటికొచ్చి చూస్తోంది. దుర్యోధన మహారాజు చిల్లి సాక్సులతో సభకు రాకూడదని ఆదిలక్ష్మి అన్నిటినీ దారంతో గట్టిగా కుట్టేసింది.

కుడుతూ అది ఒక ప్రశ్న అడిగింది. "రబ్బరు పాదానికి సలేస్తాదా, ఇన్నేసి సాక్సులేస్తావుండావు?" అంది. సాక్సు పాదానికి కాక ఇంకెక్కడ వేస్తారు, తిరుపతిలో చదువుకున్నవాళ్లు చెప్పిన వైద్యంలో వేలు పెట్టొద్దని కసిరాను.

ఇంక ఆరు రోజులే ఉన్నాయి.

ఇట్లు,
చిన్నబ్బ

తా.క. ఆ ప్రశ్న అడిగిన దగ్గర్నుంచి నాకూ కొంచెం అనుమానంగా ఉంది.


తిరుపతి,
3-5-2002
స్పీడు పోస్టు

చిన్నబ్బ గారికి,

ముందు ఆదిలక్ష్మమ్మ గారికి నా నమస్కారం చెప్పండి.

ఆ సాక్సులు రబ్బరు పాదానికి కాదండీ. మొండికి. ముందు లైనర్ తొడుక్కుని, దాని మీద సాక్సు వేసుకుని, అప్పుడు కాలు పెట్టుకోవాలి. ఆ చిల్లిలోంచి మేకు బయటికి రావాలి. మీరు వరండాలో నడక చూపిస్తున్నప్పుడు నేను లోపల ఖాళీ కుర్చీకి చెప్పింది ఇదే. తిరిగొచ్చాక మళ్లీ చెప్పకపోవడం నా తప్పు. సాక్సు ఎక్కడ వేశారని ఒక్కసారైనా అడగకపోవడం ఇంకా పెద్ద తప్పు.

అన్ని సాక్సులూ తీసేయండి. కుట్లు విప్పండి. ఒకటి, మహా అయితే రెండు చాలు.

వధ రోజున మేకు లైనర్ మీద మోకాలి పట్టు కూడా లాగండి. రెండూ కలిస్తే మీరు కావాలనుకున్నా కాలు ఊడదు.

భవదీయురాలు,
ప్రసన్నకుమారి

తా.క. ఉప్పు తినండి.


వేపనకండ్రిగ,
14-5-2002

చిరంజీవి ప్రసన్నమ్మకు చిన్నబ్బ, ఆదిలక్ష్మి ఆశీర్వదించి రాయడమేమంటే,

ఇంక నిన్ను మేడమ్ అనను. మాకు కూతురు లేదు.

ఏడో తేదీన ఒక్క సాక్సుతో బొమ్మ ఎక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేషం నాకే ఇచ్చారు.

పన్నెండో తేదీ ఆదివారం వధ. ఏనాడూ రానంత జనం. సత్యవేడు నుంచి కూడా వచ్చారు. ఇంతమంది ఎందుకొచ్చారో కిరీటం పెట్టుకుంటున్నప్పుడే నాకు తెలిసింది. ఎవరూ నా మొహం చూడడం లేదు. అందరి కళ్లూ ఎడమకాలి మీదే. ఎప్పుడు ఊడుతుందా అని.

మోకాలి పట్టు చేతిలోకి తీసుకున్నాను. కాసేపు చూసి, మడిచి ఆదిలక్ష్మికి ఇచ్చేశాను. ఒట్టి మేకు లైనర్‌తోనే బొమ్మ ఎక్కాను. దూకాను, తిరిగాను, తొడ చరిచాను. కాలు వెంట్రుకవాసి కదల్లేదు. నువ్వు చేసిన పని అంత గట్టిది. పెంచలయ్య గద ఎత్తి, నా ఎడమ తొడ మీద పువ్వు పెట్టినట్టు ఆనించాడు.

అప్పుడు నేను బటన్ నొక్కాను.

కాలు ఊడి బొమ్మ పొట్ట మీద నుంచి దొర్లుకుంటూ పోయి జనంలో పడింది. ఒక్కరు నవ్వలేదమ్మా. పెంచలయ్య గద పారేసి, "బావా, తప్పయిపోయినాది" అని నన్ను కావిలించుకుని ఏడ్చాడు. భీముడు దుర్యోధనుణ్ణి పట్టుకుని ఏడవడం ఏ భారతంలోనూ లేదు. ద్రౌపది జుట్టు ముడేసుకోవడం మరిచిపోయింది. నేను ఒంటికాలి మీద నిలబడి, వాడి భుజం ఊతంగా పట్టుకుని, ఆఖరి పద్యం పూర్తిగా పాడి పడ్డాను. ముందువరసలో మునిశేఖర్ కళ్లు తుడుచుకోవడం చూశాను.

దానంతటదే ఊడి ఉంటే వాళ్లు నవ్వేవాళ్లు. నేను ఊడదీశాను కాబట్టి ఏడ్చారు. ఊడని కాలు కావాలని నీకు అన్ని ఉత్తరాలు రాసింది ఎందుకో ఇప్పుడు నాకే అర్థమైంది. ఊడకుండా ఉంటేనే కదా, ఎప్పుడు ఊడాలో నేను చెప్పగలిగేది.

లైనర్లలో నాకు మేకుదే కావాలి. జెల్‌ది ఇంట్లో తీరిగ్గా కూర్చున్నప్పుడు వేసుకుంటాను.

ఇట్లు,
నీ దుర్యోధనుడు

తా.క. 1. కాలు దొరికింది. ఎవరో పెద్దావిడ కడిగి, పసుపు రాసి తెచ్చిచ్చింది. దాంతోపాటు జారిపోయిన సాక్సు మాత్రం దొరకలేదు. బొమ్మ మట్టి గాదెలో వేసుకుంటే ధాన్యం తరగదని మా వైపు జనం పట్టుకుపోతారు, ఆ మట్టితో ఎవరో అదీ పట్టుకుపోయారు. ఒకటి పంపగలవు.

తా.క. 2. పక్క ఊరి దుర్యోధనుడు నిన్న వచ్చిపోయాడు. ఆ ఊరి జనం తమకూ మా ఊళ్లో జరిగినట్టే వధ కావాలంటున్నారట. తనకూ అలాంటి ఎడమకాలు ఒకటి చేయించిపెట్టమని నన్ను బతిమాలుతున్నాడు. వాడికి రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి. ఏం చెప్పి పంపమంటావు?