ఎదురు చుట్టు

పెద్దబ్బాయికి అమ్మ చెప్పి రాయిస్తున్న ముక్క. నా పని పోలేదు, నన్ను తీసుకెళ్లడానికి నువ్వు రానక్కర్లేదు. ఏటి చేపలకు పురుగుల్లా కనబడాలని గాలాలకు నేను కట్టే వెంట్రుకల కుచ్చులు నీళ్లలో ఊడిపోతున్నాయని, ముసలిదానికి చూపు ఆనడం లేదని కొట్టు యజమాని నన్ను మానిపించబోయాడు. వాపసు వచ్చిన గాలాలన్నీ బల్ల మీద పోయించాను. "బాబూ, నాది ఎడమచేతి వాటం. నా దారం ఎదురు చుట్టు తిరుగుతుంది. వీటిలో నా చుట్టు ఒక్కటి చూపించండి, ఇప్పుడే వెళ్లిపోతాను" అన్నాను. భూతద్దం పెట్టి వెతికాడు, ఒక్కటీ దొరకలేదు. అక్కడ కట్టేది ఇద్దరమే, నేనూ ఆయన బావమరిదీ. తేలు కుట్టిన దొంగలా భూతద్దం పక్కన పెట్టేసి, "పెద్దమ్మా, వాడికి నువ్వే నేర్పాలి" అన్నాడు. "నేర్పుతాను, ముందు గోళ్లు కత్తిరించుకుని రమ్మనండి, వాటికి తగిలి దారం చీలిపోతోంది" అన్నాను. నా గుండెల మీది కుంపటి దిగింది.

నా చిన్న కత్తెర అటక మీది రేకుపెట్టెలో ఉంది, పంపించు. కోడలి నడుంనొప్పి తగ్గిందా? మనవరాలు ఎడమచేత్తో రాస్తోందని వేళ్ల మీద కొడుతున్నావట. దాని చేతి జోలికి పోకు, నాకు కూడు పెట్టింది ఆ వాటమే. ముందు దానికి, ఆ తర్వాత మీ అందరికీ నా దీవెనలు.