గెవుడ రాయి తరఫున

రత్నపుర, సోమవారం

నిప్పుతో బతికే గుణసోమ మామయ్యకి, నిప్పులాంటి మేనల్లుడు తిలకసిరి వ్రాయునది.

మీ కంటి ఆపరేషన్ బాగా జరగాలని కోరుకుంటూనే తిరుగుబాటు ప్రకటిస్తున్నాను. మీరు వెళ్తూ వెళ్తూ నా చేతిలో పెట్టిన పాలరంగు గెవుడ రాయిని గురువారం కొలిమిలో పెట్టను. కాలిస్తే నీలం అవుతుందన్నారు. దానికి ఇష్టమో కాదో అడిగారా? ‘సహజమే సత్యం’ కరపత్రం పన్నెండు పేజీలూ చదివాను. (పదమూడోది వడలు చుట్టడానికి పోయింది.) కోట్ల ఏళ్ళు నేల కింద తెల్లగా బతికినదాన్ని ఒక్క పూటలో రంగు మారమనడం దౌర్జన్యం!

ఇట్లు,
అధ్యక్షుడు, రాళ్ళ హక్కుల సంఘం
(సభ్యుణ్ణీ నేనే)

తా.క.: అత్తయ్య కొబ్బరిపాలతో వండిన కిరిబత్ అన్నం తెల్లగా ఉంది. దాన్నెవరూ నీలం చేయలేదు. అయినా బాగుంది.

కొలంబో, కంటి వార్డు, బుధవారం

నా ఆయుష్షు తినడానికే పుట్టిన తిలకకి,

కళ్ళకి కట్టు ఉంది. నర్సమ్మ రాస్తోంది కాబట్టి తిట్లు తగ్గించాను. ఒరేయ్, ఆ రాయి నీదీ కాదు, నాదీ కాదు. కరుణపాల గుంటలో ఏడుగురు ఐదు నెలలు నడుంలోతు నీళ్ళలో తవ్వితే దొరికిన ఒకే ఒక్క రాయి. పోయ రోజుకి, పున్నమికల్లా, నీలం చేసి ఇస్తానని మాటిచ్చాను. తప్పితే మన కొలిమికి ఇంకెవడూ గులకరాయి కూడా తేడు. ఇందులో మోసం ఎక్కడుందిరా? కొనేవాడికి కాల్చిందనే చెప్పి అమ్ముతాం. వెంటనే మీ అత్తకి ఇచ్చెయ్.

నీ మామ

తా.క.: నర్సమ్మకి నీ వాదన నచ్చిందట. ఆ మాట చెప్పాకే ఇంజెక్షన్ గట్టిగా పొడిచింది.

రత్నపుర, శుక్రవారం

దారి తప్పినా గౌరవనీయులైన మామయ్యకి,

ఇవ్వలేదు. రాయికి ఆశ్రయమిచ్చాను. కరుణపాల మనుషులతో వచ్చి "ఏదిరా మా రాయి?" అని గుమ్మంలో కూర్చున్నాడు. "అజ్ఞాతంలో ఉంది" అన్నాను. "నీకు బుర్రుందా?" అన్నాడు. "ఉంది, సహజమైనది" అన్నాను.

మీకొక్కరికే చెబుతున్నాను. తడి మట్టి తెచ్చి, రాయిని ముద్దలా చుట్టి, కొలిమి గది గూట్లోనే పెట్టాను. భూమి బిడ్డ భూమి ఒడిలో! శత్రువు ముక్కు కిందే దాచాలని ఎనిమిదో పేజీ. ఇదే నా ప్రతిజ్ఞ: ఆ రాయికి మంట తగిలిందని రుజువైతే, జన్మంతా మీ కొలిమి ముందు కూర్చుని గొట్టం ఊదుతాను!

రాజీలేని,
తిలకసిరి

తా.క.: నిరాహార దీక్షలో ఉన్నాను. పనసకాయ కూర లెక్కలోకి రాదు.

రత్నపుర, మంగళవారం

ఓడిపోయిన మామయ్యకి,

అద్భుతం! రేపే పోయ కదా, రాయిని దాని మనుషులకి తెల్లగానే అప్పగిద్దామని మట్టిముద్ద పగలగొట్టాను. లోపల నీలం! పొద్దుటి వెలుగులో పట్టి చూస్తే నెమలి మెడే! మీరు వందల రాళ్ళను మంటతో బెదిరించారు. నేను ఒక్కదాన్ని గౌరవించాను, సంతోషించి తనంతట తానే నీలమైంది. కరుణపాల ఏడుస్తూ ముందు రాయిని, తర్వాత నన్ను ముద్దుపెట్టుకున్నాడు. ‘మర్యాదతో నీలం’ అని సొంత కరపత్రం రెండు వందల ప్రతులు అచ్చువేయించాను.

విజేత,
తిలకసిరి

తా.క.: ఇంకో ఆరు గెవుడ రాళ్ళకి పొద్దున్నించీ పాటలు పాడుతున్నాను. ఇంకా తెల్లగానే ఉన్నాయి. సిగ్గేమో.

కొలంబో, శుక్రవారం

విజేతగారికి,

కట్టు విప్పారు. నా చేత్తోనే రాస్తున్నాను. నిన్న మీ అత్త చూడ్డానికొచ్చి అంతా చెప్పింది. ఒరేయ్ పిచ్చివాడా, మన వీధిలో రాయిని తడి మట్టిలో చుట్టి కొలిమి గది గూట్లో పెడితే దానికి ఒకటే అర్థం: కాల్చడానికి సిద్ధం. "పిల్లాడికి ఇన్నాళ్ళకి పనిమీద బుద్ధి పుట్టింది" అని మీ అత్త మురిసిపోయి, శనివారం కాల్చి, చల్లారాక ముద్దని గూట్లోనే పెట్టింది. మట్టి నాకన్నా శుభ్రంగా చుట్టావట.

ఇంకో మాట. రెండేళ్ళుగా నా కళ్ళకి పొర. మంట రంగు కనపడనివాడు రాయేం కాలుస్తాడు? కొలిమి ముందు కూర్చున్నది మీ అత్త, పేరు నాది. నీ ప్రతిజ్ఞ చదివి వినిపించాను. సోమవారం పొద్దున్నే రమ్మంది, గొట్టం కడిగి పెట్టిందట.

చూపొచ్చిన,
మామ

తా.క.: నువ్విచ్చిన కరపత్రం మీ అత్త చదివింది. చాలా నచ్చిందట. కొలిమి రాజెయ్యడానికి మిగతా నూట తొంభైతొమ్మిదీ తెమ్మంది.