రంపం పట్టిన చెయ్యి

నాన్నా, నేను కులాసాయే, నా బుర్రే కులాసాగా లేదు.

శిక్షణ కేంద్రంలో వడ్రంగం పాఠాలకి బొమ్మలు నన్నే గీయమన్నారు. రంపం పట్టుకుని నా చెయ్యి ఎలా ఉందో చూసుకుని, దాన్ని పక్కనపెట్టి గీశాను. నిన్న నా క్లాసులో ఇరవైమందీ రంపాలు ఎడమచేత్తో పట్టారు. ఒక్కరి కోతా తిన్నగా రాలేదు. "బొమ్మలో ఉన్నట్టే చేశాం మేడమ్!" అన్నారు. నాది ఎడమచేతి వాటమన్న సంగతే నాకు తట్టలేదు.

సరే, కుడిచెయ్యి గీద్దామని, నాకు పని నేర్పిన నీ చెయ్యి తలుచుకున్నాను. ఎంత తలుచుకున్నా అదీ ఎడమచెయ్యే! సంతకం నుంచి గడ్డం దాకా అన్నీ కుడిచేత్తోనే చేసుకుంటావు కదా, మరి ఇదేంటి? ఏమీ పాలుపోవడం లేదు.

వంటింటి తలుపు ఇంకా నేలకి రాసుకుంటోందా? అమ్మ మోకాలికి నూనె రాయి. ఇద్దరికీ నమస్కారాలు. నువ్వైతే మాట దాటేస్తావు, అమ్మచేత రాయించు: నేను పక్కన లేనప్పుడు నువ్వు ఏ చేత్తో కోసేవాడివి?

నీ పెద్దమ్మాయి