ఉండవల్లి కొండ చూసిన రోజు

పటమట, విజయవాడ
ఆదివారం

పెద్దక్కకు,

నీ చెల్లెలు సరోజ రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నాను. నువ్వూ, బావా, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నదానికి జ్వరం మళ్ళీ రాలేదు కదా? ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నీ మనసు కుదుటపడాలని రాసిన మాట కాదక్కా, నిజంగానే బాగున్నాం.

మేము రైలెక్కలేదని నీకు కోపం వచ్చి ఉంటుంది. మీ పక్కింటి రమణమ్మ ఫోనుకు చేసి రెండు ముక్కలు చెప్పాను. కానీ ఫోనులో చెబితే నీకు సగం వినపడదు, మిగతా సగం రమణమ్మ సొంతంగా కల్పించి చెబుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నిదానంగా చదువుకో. అలిగితే చదివిన తర్వాత అలుగు.

నీ మరిది చేతి మీద గ్రానైట్ పలక పడిందని నీకు తెలుసు. కట్టు విప్పాక కుడిచేతి రెండు వేళ్ళు వంగడం లేదని కూడా తెలుసు. నీకు చెప్పనిది ఒకటుంది. ఆ తర్వాత ఈయన మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తినడం, గోడకేసి చూస్తూ పడుకోవడం, అంతే. చిన్నప్పటి నుంచి సుత్తీ ఉలీ తప్ప వేరే పని ఎరగని మనిషి కదా. మేస్త్రి మంచివాడు. ఇంటికొచ్చి, "నరసింహులూ, నువ్వు సుత్తి పట్టక్కర్లేదయ్యా. రాయి చూసి గీత గీసి పెట్టు, కుర్రాళ్ళు కోస్తారు. నీ కన్ను నాకు కావాలి" అన్నాడు. ఈయన, "జాలిపడి ఇచ్చే కూలి నాకొద్దు సామీ" అని ముఖం తిప్పుకున్నాడు. ఆ సాయంత్రమే, "కదిరికి పోదాం. నాకీడ పనిల్యా" అన్నాడు. అప్పుడే నీకు వస్తున్నామని కబురు చేశాను.

నాకైతే ఈ ఊరు అప్పుడప్పుడే అలవాటవుతోంది. ఉక్కపోత మాత్రం చెప్పలేను, ఆరేసిన బట్ట కూడా చెమట పట్టినట్టే ఉంటుంది. కూరగాయల బండివాడు సైతం "తీసుకోండమ్మా, లేతవండీ" అని మర్యాదగా పిలుస్తాడు. మొదట్లో ఎవరినో పిలుస్తున్నాడని వెనక్కి చూసేదాన్ని. దగ్గర్లో ఒక టైలరింగ్ షాపులో చీరలకు ఫాల్స్ కుడుతున్నాను. పగలంతా మనుషుల మధ్యే ఉంటాను గానీ, ఇంటికొస్తే పలకరించే గొంతు లేక ఒక్కోసారి కుక్కర్‌తో మాట్లాడేదాన్ని. సంగటి ముద్ద గుర్తొస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

మా వాకిట్లోనే పక్క వాటాలో నూర్జహాన్ అక్క ఉంటుంది. వాళ్ళాయన ఖాదర్ భాయ్ ఆటో నడుపుతాడు. నేను సామాన్లు మూటలు కడుతుంటే ఆమె వచ్చి గుమ్మంలో నడుము మీద చెయ్యేసి నిలబడింది.

"ఏంటి చెల్లెమ్మా, ఊరు చూడకుండానే ఊరి మీద అలిగి వెళ్ళిపోతారా? మా ఊరేం చేసిందంట పాపం?"

"ఏం చూస్తాంలే అక్కా, ఆయన గడప దాటడు" అన్నాను.

"దాటకపోతే ఎత్తుకెళ్తాం. రేపు ఆదివారం, ఆటో ఖాళీయే. పొద్దున్నే బయల్దేరదాం. అన్నయ్యగారూ, వింటున్నారా? ఒక్కరోజు మాకివ్వండి, ఆ తర్వాత మీ ఇష్టం."

ఆమె అంత గట్టిగా అంటే కాదనలేక ఈయన తలూపాడు.

మొదట ఇంద్రకీలాద్రి. ఈయన కొండ కింద ఆటోలోనే కూర్చుండిపోయాడు. "నువ్వు పోయిరా" అన్నాడు, అంతే. ఖాదర్ భాయ్ ఆయనకు తోడుగా ఉన్నాడు. నూర్జహాన్ అక్క నా చెప్పులు పట్టుకుని బయట నిలబడింది. లైన్లో చాలాసేపు నడిచి అమ్మవారి ముందుకు చేరేసరికి, అడగాలనుకున్నవన్నీ మర్చిపోయాను. ఆ ముఖం, ఆ వెలుగు చూసి నోరు తెరుచుకుని ఉండిపోయాను. వెనకాల వాళ్ళు "కదలండమ్మా, కదలండి" అని తోస్తుంటే బయటికొచ్చి పడ్డాను. నీ పేరు మీద కుంకుమ మాత్రం తెచ్చాను.

అక్కడి నుంచి బ్యారేజీ. పైనుంచి నీళ్ళు వదిలారట, గేట్లు ఎత్తేశారు. భవానీ ద్వీపానికి పడవలు కూడా ఆపేశారు. ఖాదర్ భాయ్ మమ్మల్ని ఈ చివర దింపి, "మీరు నడుచుకుంటూ రండి, నేను అవతల ఉంటా" అన్నాడు. అక్కా, నేనెట్లా చెప్పేది? మన ఊళ్ళో బోరు వేస్తుంటే తడిమట్టి పడితే చాలు, ఊరంతా చేరి చూసేవాళ్ళం. ట్యాంకరు వస్తే బిందెలతో కొట్టుకునేవాళ్ళం. ఇక్కడ ఒక వైపు సముద్రమంత నీళ్ళు కదలకుండా నిలబడి ఉన్నాయి. రెండో వైపు అవే నీళ్ళు తెల్లగా విరిగిపడి పొగలాగా లేస్తున్నాయి. తుంపర ముఖాన పడుతోంది. కాళ్ళ కింద వంతెన సన్నగా అదురుతోంది. ఆ హోరు వినడానికి నీకు చెవులు అక్కర్లేదక్కా, అరికాళ్ళలో నుంచి ఎక్కుతుంది. ఈ నీళ్ళే రెండు వైపులా కాలువల్లో పడి దివిసీమ దాకా వరి పండిస్తాయని నూర్జహాన్ అక్క చెప్పింది. ఈయన రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు చూశాడు.

వంతెన దాటి కాస్త దూరం పోతే ఉండవల్లి. దూరం నుంచి చూస్తే కొండకు ఎవరో వరండాలు కట్టినట్టుంది, ఒకదాని మీద ఒకటి. దగ్గరికి పోయాక తెలిసింది, కట్టింది కాదు. కొండనే లోపలికి తొలిచి అంతస్తులు చేశారు. స్తంభాలు కూడా తెచ్చి నిలబెట్టినవి కావు, చుట్టూ రాయి తీసేస్తే మిగిలినవి. నేను మెట్లెక్కుతూ వెనక్కి చూస్తే ఈయన లేడు. కిందే ఒక స్తంభం ముందు నిలబడ్డాడు.

"ఏమయ్యా, రా" అన్నాను.

"ఉండు" అన్నాడు.

పై అంతస్తులో చీకటిగా ఉంది. కళ్ళు అలవాటు పడ్డాక కనిపించాడు స్వామి. శేషుడి మీద పడుకుని ఉన్నాడు, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా, ఒక్కటే రాయి. నిద్రపోయేవాళ్ళ గదిలోకి చెప్పకుండా వచ్చినట్టు అడుగు మెల్లగా వేశాను. ఈయన నా వెనకే వచ్చాడు. స్వామిని చూసి దండం పెట్టుకున్నాడు, ప్రమాదం తర్వాత మొదటిసారి. తర్వాత వంగి, ఆ పాదాల దగ్గర రాయి మడత తిరిగిన చోటు చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి ముందుకు పోతుంటే అక్కడి కాపలా పెద్దాయన, "విగ్రహం ముట్టుకోవద్దు బాబూ" అన్నాడు. ఈయన చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే ఆ వంగని వేళ్ళు చూశాడేమో, గొంతు తగ్గించి, "రాతిపనివారా? పక్కన సగంలో ఆగిపోయిన పని ఉంది. ఉలి దెబ్బలు ఇంకా కనబడతాయి, వెళ్ళి చూడండి" అన్నాడు.

అక్కడికి పోయాం. గోడలోకి కాస్త తొలిచి వదిలేసిన చోటు. రాతి మీద వరసగా ఉలి గాట్లు, కొట్టినవాళ్ళు నిన్న మధ్యాహ్నం అన్నానికి లేచిపోయినట్టున్నాయి. ఈయన నేల మీద కూర్చున్నాడు. అక్కా, అప్పుడు మాట్లాడాడు.

"లేపాక్షిలో రాయి మీద రాయి పెట్టినారే. ఒగటి చెడితే ఇంగోటి తెచ్చుకుంటారు. ఈడ అట్లా కాదు. ఒగ దెబ్బ తప్పితే కొండంతా చెడిపోతాది. వాళ్ళకెంత ధైర్యమో సూడు."

నేను కదిలితే ఎక్కడ ఆగిపోతాడోనని ఉన్నచోటే నిలబడ్డాను.

"మొదటి గాటు పెట్టినోడు ఇది అయిపోయేది సూసుండడే. వాని కొడుకైనా సూసినాడో లేదో. వానికి తెలుసు సూడనని. అయినా గీత గీసినాడు. ఆ గీత మీదనే ఇంగొకడు కొట్టినాడు."

అంటూనే ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ప్రమాదం రోజు కూడా ఏడవని మనిషి. నూర్జహాన్ అక్క దూరం నుంచి చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది.

కిందికొచ్చాక చెట్టు నీడలో నూర్జహాన్ అక్క టమాటా అన్నం, పెరుగు పెట్టింది. "గుళ్ళకి తిరుగుతున్నారని గుడ్డు కూడా ఉడకబెట్టలేదు, రేపు పెడతా" అంది. ఈయన రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

అక్కడి నుంచి మంగళగిరి. మన కదిరి నరసింహుడే ఇక్కడ పానకాలస్వామి. ఈసారి ఈయన మెట్లు నాకంటే ముందు ఎక్కాడు. లోపల స్వామికి నోరు మాత్రమే ఉంటుంది. పూజారి శంఖంతో బెల్లం పానకం పోస్తుంటే గుటకలు వేసినట్టు చప్పుడు వినిపించింది. సగం కాగానే ఆగిపోయింది, మిగిలింది ప్రసాదం. అంత పానకం పోసే చోట ఒక్క చీమ లేదు. ప్రసాదం చెంబు ఈయన అలవాటుగా కుడిచేత్తో అందుకున్నాడు. పట్టు చాలక సగం ఒలికి చొక్కా మీద పడింది. ఈయన తడిసిన చొక్కా చూసుకుని, "సామి సగం తాగినాడు, నా చొక్కా సగం తాగింది. నాకేం మిగిలిందే?" అని నవ్వాడు. పూజారి కూడా నవ్వి మళ్ళీ పోశాడు. రెండోసారి ఎడమచేత్తో పట్టుకున్నాడు.

సాయంత్రం తిరిగొస్తూ నది ఒడ్డున కాసేపు కూర్చున్నాం. కొండపల్లి చూపించలేకపోయానని నూర్జహాన్ అక్కకు ఒకటే బాధ. నీళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి. ఈయన మెల్లగా, "మేస్త్రికి ఫోన్ చేస్తా. గీతలు గీసే పనైనా పనే గదా" అన్నాడు. నేను సరే అన్నాను.

అట్లా ఆగిపోయామక్కా. అన్నీ ఒక్కరోజులో సర్దుకున్నాయని అనుకోకు. పనికి పోయిన మొదటిరోజు అన్నం తినలేదు. తను గీసిన రాయిని కుర్రవాడు వంకరగా కోశాడట. "నా చెయ్యి ఉంటే" అని ఒకటే మాట. ఆ వారమంతా అంతే. తర్వాత ఆ కుర్రవాడి పక్కనే నిలబడి మాటలతోనే కోయించడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇంటికొచ్చి వాడి గురించే చెబుతాడు. డాక్టరు చెప్పిన వ్యాయామం కూడా చేస్తున్నాడు, వేళ్ళు వంగుతాయో లేదో తెలియదు.

నిన్న నన్ను ఒక వీధిలోకి తీసుకుపోయాడు. కొత్తగా కట్టిన ఇల్లు, ముందు నల్లరాతి మెట్లు. అతుకు ఎక్కడుందో కనబడదు. ఆ ఇంటి పెద్దావిడ కర్ర పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. పైకి చేరి ఒకసారి కిందికి చూసుకుని లోపలికి పోయింది. మేము రోడ్డు అవతల నిలబడ్డాం. "ఒగ మెట్టు కూడా నా చేత్తో కొయ్యలా" అన్నాడు. కాసేపాగి, "అన్నీ నావే" అన్నాడు.

ఉంటానక్కా. ఎవరైనా ఇటు వస్తే రాగిపిండి, నువ్వు దంచిన శెనక్కాయల పొడి పంపు. బావకూ, పెద్దత్తకూ మా ఇద్దరి దండాలు. పిల్లలకు ముద్దులు. నువ్వు అక్కడి నుంచే చెయ్యెత్తి మమ్మల్ని దీవించు, మాకు చేరుతుంది.

నీ చెల్లెలు,
సరోజ