అస్మా కళ్లకు పెట్టిన సుర్మా

నజ్మా,

నువ్వు, అస్మా కామారెడ్డిలో రక్తపరీక్ష చేయించుకుని వచ్చేసరికి నేను బీర్కూర్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉంటాను. కొన్నాళ్లు అక్కడే.

సుర్మా రాయిని, నేను నూరే కల్వాన్ని రెండు కవర్లలో చుట్టి, మూత డబ్బాలో పెట్టి అటక మీద ఉంచాను. ఆ కల్వంలో అల్లం వెల్లుల్లి దంచకు. రాయిలో ఉన్నది సీసమట కదా, చెత్తలోనో కాలువలోనో వేయకు. ఎక్కడ ఇవ్వాలో డాక్టరమ్మనే అడుగు. నేను సుర్మా నూరి పెట్టే గూడు తడిబట్టతో తుడిచాను. పొడి చీపురు పెట్టకు, దుమ్ము లేస్తుంది. అస్మా దిండు గలీబు వేరుగా ఉతుకు. అన్నానికి ముందు దాని చేతులు సబ్బుతో కడుగు.

మీ మామ తెచ్చిన రాయి అది. పిడికెడే ఉన్నా ఎంతో బరువు, నల్లగా మెరిసేది. కళ్లకు చలువ అనుకునే పెట్టాను తల్లీ. సుర్మాలోని సీసం పిల్లల ఒంట్లోకి చేరుతుందని చెప్పి "ఎవరు నూరిన్రు?" అని డాక్టరమ్మ అడిగితే నువ్వు నా పేరు చెప్పలేదు. "ఇంట్ల ఎప్పటినుంచో ఉన్నది మేడం" అన్నావు. ఆ తర్వాత ఎనిమిది రోజులు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

నిన్న కూడా పిల్ల నా ఒళ్లో కూర్చుని "దాదీ, సుర్మా పెట్టవా" అన్నది. మళ్లీ అడిగితే కాదనలేనేమో. అందుకే పోతున్నాను. అమ్మ అలిగి పోలేదని ఎజాజ్‌కు చెప్పు.

మీ అత్త

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. నా కళ్ల సుర్మా కూడా కడిగేసుకున్నాను, నలభై ఏళ్లలో మొదటిసారి. అస్మా గుర్తుపట్టకపోతే, దాదీయే అని చెప్పు.