చీకటిచిలక మీద మోపిన నేరం

గోదావరిఖని,
నవంబరు 1974

బొగ్గుబాయి కంపెనీ వెల్ఫేర్ ఆఫీసరు గారి సముఖమునకు, కంపెనీ కాలనీ ఆడపిల్లల హైస్కూలు తెలుగు టీచరు, 'చీకటిచిలక' నవల రాసిన మనిషి అయిన మ. సుసన్నా, ఎం.ఏ., పెట్టుకుంటున్న అర్జీ.

విషయం: తొమ్మిదో తరగతి అనసూర్యను బడిలో తిరిగి చేర్చుకోవలెనని, బొగ్గుబాయి కప్పును ఒక నవల కూల్చిందన్న తమ తీర్పును తామే మరొకసారి చదువుకోవలెనని.

అయ్యా,

దొంగను ముద్దుగా రాస్తే, చదివిన పిల్ల దొంగవుతుందా? పిల్లల మాసపత్రికకు చీకటిచిలక బొమ్మల కథను మొదటిసారి పంపిన నాటి నుంచి ఈ ప్రశ్న నా వెంట ఉన్నది. ఆ పత్రిక సంపాదకుడు అడిగాడు. బాయిలోనే రిటైరయిన మా నాయన యిర్మియా అడిగాడు. ఎవరికీ సరిగా జవాబు చెప్పలేకపోయాను. తమరు మాత్రం అరపేజీలో తేల్చేశారు. అంతటి నిబ్బరం నాకు ఎన్నడూ లేదు కనుక, జరిగినవి జరిగినట్లు మనవి చేసుకుంటున్నాను.

1. చీకటిచిలక ఎవరో తమకు తెలియదు. బొమ్మల కథలోనూ, ఆ తరువాత ఎదిగే ఆడపిల్లల కోసం నేను రాసిన నవలలోనూ ఆమె పదహారేళ్ళ దొంగ. తండ్రి పాత బూట్లు తొడుక్కుని కాంట్రాక్టర్ల ఇళ్ళలో దూరుతుంది. తీసిన వస్తువు చోట ఒక బొగ్గుపెళ్ళ పెట్టి వస్తుంది. దోచినదంతా బీదలకు పంచే ధర్మాత్మురాలు కాదు. పట్టుచీర నచ్చితే ఉంచుకుంటుంది, అబద్ధాలాడుతుంది, ఒకసారి స్నేహితురాలిని కూడా మోసం చేస్తుంది. ఆమెను మంచిదాన్ని చేయమని చాలామంది చెప్పారు. చేస్తే పిల్లలు నమ్మరని చేయలేదు. ఈ పుస్తకాన్ని మన కాలనీ క్లబ్బులో ఆవిష్కరించినవారు తమరే. "మన ఆడపడుచులకు ఆదర్శప్రాయమైన గ్రంథము" అని మైకులో అన్నవారూ తమరే. అప్పుడు చదవలేదని ఇప్పుడు అంటున్నారు. ఇప్పుడైనా చదివారని నేను అనుకోవడం లేదు.

2. అనసూర్య తండ్రి నర్సింగం బాయిలో పట్టాల మీది టబ్బులకు బొగ్గు ఎత్తే మనిషి. తాను పనిచేసే చోట కూలే ముందు చప్పుడు చేసినట్లు కప్పు గొణుగుతున్నదని ఒకనాడు ఇంట్లో అన్నాడు. పిల్ల విన్నది. తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఇస్తేనే లాంపురూములో దీపం ఇస్తారనీ, దీపం లేని మనిషిని బాయిలోకి దిగనివ్వరనీ ఇక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మర్నాడు పొద్దున అనసూర్య తండ్రి అంగీ జేబులోని బిళ్ళను తీసి దాచింది. జేబులో బొగ్గుపెళ్ళ పెట్టింది. నాయన ఇంటి పట్టున ఉంటాడనుకున్నది.

నర్సింగం ఉండలేదు. బిళ్ళ పోయిందని చెబితే చార్జిషీటు ఇస్తారని భయపడి, దొరికేదాకా ఏం చేయాలో తోచక పక్క క్వార్టరులోని సదయ్య దగ్గరికి పోయాడు. సదయ్య జ్వరంతో మంచం మీద ఉన్నా, కూలి పోతుందని బాయికి పోవడానికే లేవబోతున్నాడు. అక్కడ జరిగిన మాటలను సదయ్య భార్య సారవ్వ నాకు చెప్పినట్లే రాస్తున్నాను. మొదట అన్నది సదయ్యే.

"బావా, నా బిళ్ళ మీద దిగు. మస్టరుల హాజరు నాకు పడ్తది, కూలి చెరిసగం."

"సర్దార్ ఏమన్న అంటడేమోరా?"

"ఏమంటడు? ఆయన బామ్మర్ది ఎప్పుడూ గట్లనే దిగుతడు. మొఖం ఎవడు చూస్తడు? మసి అంటినంక అందరం ఒక్క తీరే."

"నీ అంత నల్లగ లేను గదరా నేను."

"దిగినంక అయితవు తియ్యి."

అట్లా నర్సింగం సదయ్య నంబరు మీద దిగి, సదయ్య పనిచేసే చోటికి పోయాడు. ఆ చోటనే కప్పు కూలింది. నర్సింగం భయపడిన కప్పు నేటికీ నిలబడే ఉన్నది.

3. లోపల ఉన్నది సదయ్య నంబరు కనుక జీపు సారవ్వ గడప ముందు ఆగింది. "మీ ఆయన కప్పు కింద ఉన్నడు" అని గుమాస్తా చెప్పగానే ఆమె కూలబడిపోయింది. లోపలినుంచి సదయ్య దుప్పటి కప్పుకుని వచ్చి "నేను ఈడనే ఉన్న గద సారూ" అన్నాడు. గుమాస్తా తన చేతిలోని చీటీ మరోసారి చూసుకుని, "నువ్వు కిందనే ఉన్నవు, నువ్వు నడుమ మాట్లాడకు" అన్నాడు. కాలనీలో ఈ మాట చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతున్నారు. నర్సింగం కుడికాలు మోకాలి దాకా తీసివేశారని గుర్తుకొచ్చి, నవ్వు మధ్యలోనే ఆపేస్తున్నారు.

4. ఒకరి బిళ్ళ మీద ఇంకొకరు దిగడం ఇక్కడ ఏళ్ళ తరబడి వాడుక. లోపల పనినీ కప్పునూ చూసుకోవలసిన సర్దార్‌కు తెలుసు, లాంపురూముకు తెలుసు, తమకు తెలుసు. కూలిన చోట కప్పుకు ఆసరాగా చాలినన్ని దుంగలు పెట్టలేదని తోటి పనివాళ్ళు తమ ఎదుటనే చెప్పారు. తమ విచారణలో సర్దార్ నిర్దోషి. లాంపురూము నిర్దోషి. దుంగల ఊసే లేదు. "ప్రమాదమునకు మూలకారణము నేరప్రవృత్తిని ప్రోత్సహించు ఒక నవల" అని మాత్రం ఉన్నది.

విచారణ గదిలో తమరు నన్ను అడిగిన ఒకే ఒక ప్రశ్న: "చివర్లో దాన్ని పోలీసులకు పట్టిస్తే మీ సొమ్మేం పోయేదమ్మా?"

"పట్టిస్తే కప్పు నిలబడేదా సార్?" అన్నాను.

టీ చల్లారిపోయిందని తమరు ప్యూనును తిట్టారు.

తరువాత పిల్లను పిలిచారు. "ఎవరు నేర్పారు నీకు?" అని బల్ల మీద గుద్దారు.

"ఎవ్వలు నేర్పలే సార్. నాయిన సావొద్దని తీసిన."

"మరి జేబులో బొగ్గు ఎందుకు పెట్టావు?"

"అది చిలక పెడ్తది సార్."

రెండు జవాబులలో రెండోది మాత్రమే తమరు రాయించారు. మొదటిది ఎందుకు రాయించలేదో తెలియజేయవలెను.

5. పుస్తకాలన్నీ క్లబ్బు బీరువాలో పెట్టి తాళం వేశారు. అందుకు నాకు కష్టంగా ఉన్నా ఓర్చుకోగలను. పిల్లను బడినుంచి తీసివేసి, సర్టిఫికెట్టులో ప్రవర్తన దగ్గర 'దొంగతనము' అని రాయించడం ఓర్చుకోలేను. ఆ కాగితం చూసి మంచిర్యాలలో గాని, పెద్దపల్లిలో గాని ఏ బడి చేర్చుకుంటుంది?

6. ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్ చేత నాకొక కాగితం పంపారు. నా నవల చదివి అనసూర్య దొంగతనం చేసిందనీ, ఆ దొంగతనం వల్లనే ప్రమాదం జరిగిందనీ నేను సంతకం చేస్తే, పిల్లను సోమవారమే చేర్చుకుంటారట. యూనియన్ ఆఫీసులో ఆ కాగితం చూపించాను. ఇంటి మనిషి దొంగతనం వల్లనే జరిగిందని తేలితే, నర్సింగానికి కాలి పరిహారం ఎగ్గొట్టడానికి తమకు దారి దొరుకుతుందని చెప్పారు. కూతురికి బడి ఇచ్చి తండ్రి కాలి ఖరీదు మింగుతారన్నమాట. చీకటిచిలక ఎంత చెడ్డదైనా, అయ్యా, తీసిన చోట బొగ్గుపెళ్ళనైనా పెట్టి వస్తుంది.

7. ఇంత కోపంలోనూ ఒక మాట దాచలేను. మొన్న సారవ్వ మా ఇంటికి వచ్చి గడపలోనే కూర్చున్నది. "టీచరమ్మా, నీ బుక్కు సల్లగుండ, నా మొగడు బతికిండు. మల్ల నర్సింగమన్న కాలు జూస్తే ఆ బుక్కును పొయ్యిల పెట్టబుద్ధయితది. నన్నేం జెయ్యమంటవు?" అని అడిగింది. నేను లేచి లోపలికి పోయి చాయ్ పెట్టుకొచ్చాను. తమ తీర్పు అబద్ధమని పది కారణాలు రాయగలను. కాని ఆ బొగ్గుపెళ్ళ నా పుస్తకంలోనిదే.

కావున, పిల్లను ఏ షరతూ లేకుండా బడిలో చేర్చుకోవలెను. సర్టిఫికెట్టులోని ఆ మాటను కొట్టివేయవలెను. దుంగలు ఎందుకు పెట్టలేదో సర్దార్‌ను అడగవలెను. ఈ అర్జీని చిత్తగించడానికి తీరిక లేనిచో, కనీసం నా నవలకు చేసినట్లు చదవకుండా తీర్పు చెప్పవద్దని కోరుతున్నాను.

ఇంతకాలమూ తమకు విధేయురాలిగా మసలిన,
మ. సుసన్నా

తా.క. ఇది మడత పెడుతుండగా అనసూర్య వచ్చింది. దవాఖానలో తండ్రికి గంజి తాగించి వస్తున్నదట.

"సంతకం పెట్టున్రి టీచర్, సోమవారం బడికొస్త" అన్నది.

పరిహారం సంగతి చెప్పాను. చేతిలోని గంజి గిన్నె కింద పెట్టింది.

"అయితే పెట్టకున్రి. నాయిన ఇంట్ల కూసుంటే మేమేం తినాలె? నేను కూలికి పోత."

"మరి చదువు?" అన్నాను.

"ఎం.ఏ. చదివిన్రు, మీకే తెల్వకపోతే నాకెట్ల తెలుస్తది?" అని గిన్నె తీసుకుని పోయింది.

అయ్యా, తమ మీద కోపం తగ్గలేదు, పైన రాసిన వాటిలో ఒక్క మాటనూ వెనక్కి తీసుకోను. కాని తమ కాగితం నా బల్ల మీదనే ఉన్నది. సంతకం పెడితే ఆ ఇంటి తిండి పోతుంది. పెట్టకపోతే ఆ పిల్ల చదువు పోతుంది. పెట్టాలో వద్దో నాకు తెలియడం లేదు.